సున్నా దగ్గర గీత

ఈమధ్య మన చర్చి యూత్ మీటింగ్‌లో ఎవరో నా గురించి చెప్పారట. అంకుల్ ఒక ట్రక్కుల రేసులో తన తప్పు తానే వెళ్లి ఒప్పుకున్నారు, దాంతో గెలిచినవాడి పేరే మారిపోయింది అని. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కథలో ఒక నలభై నిమిషాలు ఎగిరిపోయాయి. అవి నాకు తప్ప ఇంకొకరికి తెలియవు కాబట్టి నేనే రాయాలి.

ఇండియా నుంచి అమెరికాలో ఈ బెంటన్‌విల్ వచ్చిన కొత్తలో అందరిలాగే నేనూ కాంట్రాక్టు మీద సరుకుల సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. ఆ ప్రాజెక్టు ముగిశాక, కారు రేసులకు టైమింగ్ పరికరాలు అమర్చే ఒక చిన్న కంపెనీలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. ట్రాక్ మీద తారులో సన్నని గాడి కోసి అందులో వైరు పాతుతాం. ప్రతి బండి కిందా అగ్గిపెట్టెంత డబ్బా ఉంటుంది. బండి వైరు దాటగానే కంప్యూటర్‌లో ఒక చుట్టు పడుతుంది. మా ఉద్యోగం మొత్తం అంతే.

అప్పట్లో మన సంఘ పెద్దల్లో ఒకాయన ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి అడిగారు.

"బ్రదర్, ఇది గుర్రప్పందేల్లాంటిదేనా? విశ్వాసులు చెయ్యొచ్చా?"

"గుర్రాలు ఇంజన్లో ఉంటాయండీ. పందెం కాసేవాళ్లు నాకు కనపడరు. నేను చుట్లు లెక్కపెడతానంతే" అన్నాను.

ఆయనకు పూర్తిగా నచ్చలేదు గానీ ఊరుకున్నారు. నేను మాత్రం ప్రతి రేసుకూ ముందు కుర్చీలో కూర్చుని అర నిమిషం కళ్లు మూసుకునేవాణ్ణి. ఎవరికీ దెబ్బలు తగలకూడదని, లెక్క తప్పకూడదని.

నేను చెప్పబోయే రేసు నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది జరిగింది. మా ఊరికి మూడు గంటల దూరంలో, కొండల మధ్య, అరమైలు చుట్టు ఉన్న పాత స్పీడ్‌వే. స్టాక్ ట్రక్కులంటే మనవైపు లారీలు కావు. ఇక్కడ ఇంటింటి ముందూ ఉండే పికప్ ట్రక్కు ఆకారంలో, లోపలంతా రేసు కోసం కట్టిన బండ్లు.

ఆ రేసు చరిత్ర నాకు చెప్పింది అక్కడి హెడ్ స్కోరర్. డెబ్బై దాటిన ఆవిడ, పెళ్లయిన కొత్తలో భర్త బండికి చుట్లు రాయడానికి వచ్చి, భర్త మానేసినా తాను మానలేదు. మొదట్లో అది దాణా కొట్టుకు వచ్చే రైతులు ఎవరి ట్రక్కు గట్టిదో తేల్చుకోవడానికి పెట్టుకున్న పోటీ అట. ట్రాక్ కట్టినాయన చర్చిలో డీకన్. ఆదివారం ఆరాధన మానేసి ఎవరూ రాకూడదని శనివారం మధ్యాహ్నమే పెట్టాడు. తర్వాత పెద్ద సిరీస్‌వాళ్లు వచ్చారు, టీవీ వచ్చింది, జనం విరగబడి వచ్చారు. మళ్లీ జనం తగ్గారు. ఒక వసంతంలో గేటుకు తాళం పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మధ్య మైదానంలో కోళ్ల కంపెనీ ఖాళీ ట్రెయిలర్లు నిలిపేవాళ్లు. తారు పగుళ్లలో నడుమెత్తు గడ్డి మొలిచింది.

"మళ్లీ తెరుస్తారని మీరనుకున్నారా?" అని అడిగాను.

"అనుకోలేదు. కానీ కార్డులు పారెయ్యలేదు" అందావిడ.

ప్రతి రేసులో ప్రతి బండికీ చేత్తో రాసిన కార్డులు, మొదటి ఏడాదివి కూడా, పెకాన్ పప్పుల డబ్బాల్లో పెట్టి దాచింది. ఊరివాళ్లు కలిసి స్పీడ్‌వేని బాగుచేసి ట్రక్కుల రేసు మళ్లీ పెట్టినప్పుడు ఆవిడ ఒకే షరతు పెట్టింది. కంప్యూటర్ ఉన్నా సరే, ప్రతి ట్రక్కుకూ ఒక మనిషి, ఒక కార్డు ఉండాలి.

తారు మాత్రం పాతదే ఉంచారు. గరుకుగా ఉండి టైర్లను తినేసే తారంటే డ్రైవర్లకు ఇష్టం. అలాంటి తారులో వైరు పాతడం మాకు ఇష్టం లేదు. నేనూ, నా తర్వాత నా కుర్చీలోకి రావలసిన ఇంజనీరూ రెండు రోజులు తిప్పలు పడ్డాం. అతను హైదరాబాదువాడు, ముప్పై ఐదేళ్లుంటాయి. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. కంపెనీలో అందరినీ పేరు పెట్టి పిలిచేవాడు, నన్ను మాత్రం అంకుల్ అనేవాడు.

"అంకుల్, ఈ తారు మీకన్న సీనియర్ ఉన్నది" అన్నాడు గాడి కోస్తూ.

"అందుకే జాగ్రత్తగా కొయ్యి."

శనివారం మధ్యాహ్నం రెండింటికి రేసు. ఇరవై రెండు ట్రక్కులు, నూటయాభై చుట్లు. కార్డులు రాయడానికి ఒప్పుకున్నవాళ్లలో ఒకామె రాలేదు. హెడ్ స్కోరర్ నావైపు చూసి, "బ్రదర్, నువ్వు ఖాళీగానే ఉన్నావుగా" అని ఒక కార్డు చేతిలో పెట్టింది. కంప్యూటర్ దగ్గర నా అవసరం నిజంగానే లేదు. నాకొచ్చిన ట్రక్కు డ్రైవర్ ఆ చుట్టుపక్కలవాడే, యాభై దాటినవాడు. వారమంతా కోళ్ల లారీలు రిపేరు చేసి శనివారాలు రేసులకు వచ్చేవాడు. పెద్ద రేసు ఒక్కటీ గెలవలేదు. గెలుస్తాడని అక్కడెవరూ అనుకోలేదు కూడా.

ఎనభయ్యో చుట్టు దాటాక ఒక ట్రక్కు మేం వైరు పాతిన ముగింపు గీత దగ్గరే గోడకు కొట్టుకుంది. దాని కింద నుంచి ఊడిన ఇనుప ముక్క తారును దున్నుకుంటూ పోయింది. పసుపు జెండా చూపించారు. ట్రక్కులన్నీ ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా తిరుగుతున్నాయి. మావాడు తెర వైపు చూసి, "అంకుల్, వైర్ తెగింది. కొన్ని కనవడ్తున్నయి, కొన్ని కనవడ్తలేవు" అన్నాడు. పడమట మబ్బు పట్టింది. రేసు ఆపితే వానలో పోతుందని రేసు నడిపే డైరెక్టర్ భయం. రేడియోలో ఆయన ఏదో అడిగేలోపే హెడ్ స్కోరర్ లేచి నిలబడింది.

"మా దగ్గర కార్డులున్నాయి. ఆపొద్దు" అని, మావైపు తిరిగింది. "అందరూ వినండి. ఇంతవరకూ లెక్క భద్రంగా ఉంది. పచ్చ జెండా పడగానే మీ ట్రక్కు గీత దాటుతుందే, అది సున్నా. దానికి గీత గీయొద్దు. ఆ తర్వాత దాటినప్పటి నుంచి ఒకటి. ఎవరూ పక్కవాళ్లతో మాట్లాడొద్దు. కాఫీ ముట్టుకోవద్దు."

పచ్చ జెండా పడింది. నేను నోట్లో గొణుక్కుంటూ లెక్కపెట్టాను, కార్డులో గీతలు గీశాను. చుట్టుకు ఇరవై సెకన్లు. రెప్ప వేయలేదు. మధ్యలో నా ట్రక్కు పిట్‌లోకి వచ్చి టైర్లు మార్చుకుని పోయింది. మిగతావాళ్లు పూర్తి వేగంతో తిరుగుతుండగా అలా ఆగితే ఒక చుట్టు వెనకబడతారు. అది చూశాను, కార్డు మీద రాశాను కూడా.

పది నిమిషాల తర్వాత మళ్లీ పసుపు జెండా. ఆ సందులో మావాడు కిందికి పరిగెత్తి గీత మీద పైపైనే కొత్త వైరు పరిచి టేపు అతికించి వచ్చాడు. మేం కార్డులు చదివాం, అతను కంప్యూటర్‌లో ఎక్కించాడు. ముందున్నవాళ్లకు ముప్పై ఒకటి. నా ట్రక్కుకూ ముప్పై ఒకటి. పిట్‌లో ఆగినా చుట్టు పోగొట్టుకోలేదన్నమాట, అదృష్టవంతుడు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

అదే పసుపు జెండాలో ముందున్నవాళ్లంతా టైర్ల కోసం పిట్‌లోకి వెళ్లారు. నా ట్రక్కు వెళ్లలేదు, దాని టైర్లు ఇంకా కొత్తవే. అలా అది అందరికంటే ముందుకొచ్చింది. చివరి ముప్పై ఆరు చుట్లు ఆయన నడిపిన తీరు ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెనకవాళ్లు లోపలి నుంచి వస్తే లోపల, బయటి నుంచి వస్తే బయట. ఎవరినీ తగల్లేదు, ఎవరికీ దారివ్వలేదు. రేసు ముగిసినట్టు గళ్ల జెండా పడేసరికి స్టాండ్లలో జనమంతా లేచి నిలబడ్డారు. మా వరసలో కార్డులు రాసే ఆడవాళ్లిద్దరు ఏడ్చారు.

అప్పుడే మావాడు చేతులకు అంటిన టేపు జిగురు తుడుచుకుంటూ నా పక్కన కూలబడ్డాడు.

"అంకుల్, నిజం చెప్పాలె. బెట్టింగ్ గిట్ల కాసిన్రా?"

"బెట్టింగేంటయ్యా?"

"మరి వైర్ తెగినంక పచ్చ జెండా పడ్డప్పుడు నేను మీ కుర్చీ ఎనకనే ఉన్న. అందరు జీరో, జీరో అంటున్నరు. మీరొక్కరే లాభం అన్నరు. అంకుల్‌కి ఈ ట్రక్కు మీద ఏదో ఉందిరా అనుకున్న."

నవ్వబోయాను, నవ్వు రాలేదు.

ఇది మీలో ఇక్కడ పుట్టినవాళ్లకు తెలియకపోవచ్చు. మావైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కుంచానికి లాభం అంటారు, తర్వాత రెండు, మూడు. మా నాన్న సంఘ పెద్ద. కోత పండుగకు విశ్వాసులు తెచ్చే వడ్లు చర్చి వరండాలో కొలిచే పని ఆయనది, ఆయన తర్వాత కొన్నేళ్లు నాది. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టర్ గారు లాభం అనేది లోకసంబంధమైన మాటనీ, దాని బదులు స్తోత్రం అనమనీ చెప్పారు. అందరూ సరేనన్నారు, మరుసటి కుంచానికే లాభం అన్నారు. పాస్టర్ గారి మాట నెగ్గి ఉంటే ఆ రోజు నేను స్తోత్రం అని ఉండేవాణ్ణి. తప్పు మాత్రం అదే అయ్యేది. ఎందుకంటే ఆ మాట నోట్లోంచి వస్తే చెయ్యి ఊరుకోదు, ఒక గుర్తు పెట్టి తీరుతుంది. మొదటిసారి దాటగానే లాభం అని గీత గీసేశాను. రెండోసారికి రెండు అన్నాను.

అదంతా అతనికి చెప్పాను.

"అంటే జీరోకి గీత గీసిన్రా?"

"గీశాను."

"ముప్పై ఒకటి కాదు, ముప్పై?"

"ముప్పై."

అతను కింద జరుగుతున్న సంబరం వైపు చూశాడు. డ్రైవర్ ట్రక్కు పైకెక్కి టోపీ ఊపుతున్నాడు.

"అంకుల్, ఈ స్టేడియంలో తెలుగొచ్చినోళ్లం మనిద్దరమే. నేనైతే ఏం వినలే."

"నేను విన్నాను కదయ్యా" అన్నాను.

మన మీటింగ్‌లో చెప్పిన కథ ఇక్కడి నుంచి సూటిగా హెడ్ స్కోరర్ దగ్గరికి వెళ్తుంది. నేను అలా వెళ్లలేదు. మెట్లు దిగి, పార్కింగ్‌లో ఉన్న నా కారులోకి వెళ్లి, అద్దాలు పైకెత్తుకుని ప్రార్థనలో కూర్చున్నాను.

ఏం ప్రార్థించానో కూడా చెబుతాను. ప్రభువా, నాకు సరిగ్గా గుర్తులేకపోతే బాగుండు అని అడిగాను. మిగతా కార్డుల్లోనూ ఇలాంటి తప్పే ఉండనివ్వమని అడిగాను. ఆ మనిషి ఇన్నేళ్ల కష్టం చూడమని ఆయనకు గుర్తుచేశాను, ఆయనకు తెలియదన్నట్టు. నా మంచి పేరు సంగతి ఎత్తలేదు గానీ ఎక్కువసేపు దాని గురించే ఆలోచించాను. తప్పుడు కొలత గురించి బైబిల్ వాక్యం ఏమంటుందో నాకు ఐదో తరగతి నుంచీ కంఠతా వచ్చు. జవాబు తెలిసిన ప్రశ్నను మోకాళ్ల మీద అడుగుతూ గడిపాను. కారులో మోకాళ్లు వేయడానికి చోటు లేదు గనక అది కూడా మాటవరసకే. బయటికి వచ్చేసరికి గడియారంలో నలభై నిమిషాలు గడిచాయి.

ఆ నలభై నిమిషాల్లో పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రెండో స్థానంలో వచ్చిన జట్టు పెద్ద ఫిర్యాదు రాసిచ్చాడు. మిగతావాళ్లు పూర్తి వేగంలో తిరుగుతుండగా ఆ ట్రక్కు పిట్‌లో ఆగింది, ఒక చుట్టు పోయి ఉండాలి అని. హెడ్ స్కోరర్ నా కార్డు తీసి గీతలు లెక్కపెట్టి చూపించిందట. అతను ఒప్పుకోలేదట. అప్పుడావిడ అన్న మాట మావాడు నాకు పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"ఈ కార్డు రాసిన మనిషి ప్రార్థన చేసుకుని కుర్చీలో కూర్చుంటాడు. మీ లెక్క రాసినవాడి చేతిలో బీరు డబ్బా నేను చూశాను. వెళ్లిరా."

ఫిర్యాదు కొట్టేశారు. నేను మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ కార్డులు డబ్బాలో సర్దుతోంది.

"ఎక్కడికి పోయావు బ్రదర్? ఒక చిన్న గొడవ వచ్చింది, తేల్చేశాను."

"మేడమ్, నా కార్డులో ఒకటి ఎక్కువుంది."

"ఎండ తగిలిందా?"

"లేదండీ." నిలబడే అంతా చెప్పాను. కుంచం గురించి, లాభం గురించి.

ఆవిడ కళ్లజోడు తీసింది. "మీ దేశంలో సున్నా లేదా?"

"సున్నా కనిపెట్టింది మావాళ్లేనండీ. వడ్ల దగ్గర మాత్రం వాడం."

ఆవిడ నవ్వలేదు. టీవీవాళ్ల గదికి తీసుకెళ్లి వీడియో వేయించింది. ఇద్దరం వేళ్లు మడిచి లెక్కపెట్టాం. ముప్పై. మళ్లీ వేయించింది. ముప్పై. ఒక చుట్టు తీసేస్తే ఆయనది పదో స్థానం.

"ఇన్నేళ్లలో నేను కార్డునే నమ్మాను, మనిషిని నమ్మలేదు" అందావిడ. "ఈ ఒక్కరోజు నీ ప్రార్థనని సాక్ష్యానికి పిలిచాను. నా పొరపాటు నేను రాసుకుంటాను. ఆయనకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

ఆయన తన గరాజ్ ముందు ట్రక్కు వెనక రేకు తలుపు దించుకుని దానిమీద కూర్చున్నాడు. పక్కన నడుమెత్తు ట్రోఫీ. జట్టువాళ్లు కాగితం పళ్లాల్లో వేయించిన చేపలు తింటున్నారు. నేను చెప్పాను. ఈసారి కుంచం గురించి చెప్పలేదు. సున్నాకు గీత గీశానని, వీడియోలో చూశామని, పదో స్థానమని మాత్రం చెప్పాను. నమలడం ఆగిపోయింది. ఆయన జట్టు పెద్ద నేలకేసి చూస్తూ, "మా లెక్కలోనూ ఒకటి తక్కువే వచ్చింది. మీ బోర్డు చూసి మాదే తప్పనుకున్నాం" అన్నాడు.

డ్రైవర్ అరవలేదు. అరుస్తాడని సిద్ధపడి వెళ్లాను, అరిచి ఉంటే తేలికగా ఉండేది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"రేసు అయిన వెంటనే."

"ఇంతసేపూ ఎక్కడున్నావు?"

"కారులో. ప్రార్థన చేసుకుంటున్నాను."

ఆయన కూడా చర్చికి వెళ్లే మనిషే. ఆ మాట విని తల ఊపాడు, కానీ మెచ్చుకోలుగా కాదు. "నువ్వు అక్కడ ప్రార్థన చేసుకుంటుంటే నేనిక్కడ ఫోటోలు దిగాను. ఈ ఊళ్లో అందరితో చేతులు కలిపాను. అమ్మకి ఫోన్ చేసి గెలిచానని చెప్పాను. ముందే వచ్చి ఉంటే నేను ఒక రేసు పోగొట్టుకునేవాణ్ణి, అంతే."

పిల్లలూ, నా తప్పు గీత కాదు. ఆ గీత ఎవరైనా గీస్తారు, ఎవరైనా క్షమిస్తారు. ఆ మనిషి చేత నలభై నిమిషాలు ఊరందరి ముందూ అబద్ధం ఆడించాను. నిజాయితీకి ఉదాహరణగా నన్ను చెప్పాలనుకున్నప్పుడు ఇది కూడా కలిపి చెప్పండి.

ఆయన ఫోన్ తీసి ఏదో నొక్కి నా చేతికిచ్చాడు. "అమ్మ. నువ్వే చెప్పు."

వృద్ధాశ్రమంలో ఉన్న ఆవిడకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

"ఎవరది?"

"చుట్లు లెక్కపెట్టినవాణ్ణి మేడమ్. లెక్క తప్పాను."

"ఎంత తప్పావు?"

"ఒకటి."

"ఒకటేనా? అయితే మావాడు ఎన్నోవాడు?"

"పదోవాడు మేడమ్."

"వాళ్ల నాన్న ఆ ట్రాక్ మీద పద్నాలుగు కంటే పైకి రాలేదు. ఫోన్ వాడికివ్వు."

ఇచ్చాను. ఆయన ట్రక్కుకు ఆనుకుని విన్నాడు. "అవునమ్మా... ఇక్కడే ఉన్నాడు... ఇండియా అనుకుంటా... లేదమ్మా, కొట్టలేదు." ఇంకా కాసేపు విని, సరే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ట్రోఫీ ఎత్తి నా చేతుల్లో పెట్టాడు.

"నీ చేతనే పంపమంటోంది. రెండోవాళ్ల గరాజ్ ఆ చివర."

గరాజ్‌లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ప్రతి గరాజ్ ముందూ మనుషులున్నారు, అందరూ అప్పటిదాకా చేస్తున్న పని ఆపి చూశారు. ట్రోఫీ నేననుకున్నదానికంటే చాలా బరువు. దాన్ని దించి చేతులు మార్చుకోవడానికి కూడా ఎక్కడా ఆగలేదు.